ఎండాకాలం క్యాంపుకు పంపాలా, వద్దా?

1948 జులైలో నేషనల్ క్యాడెట్ కోర్ (ఎన్‌సీసీ) పుట్టేనాటికి వరంగల్ దగ్గరి ధర్మసాగర్ ఇంకా నిజాం ఏలుబడిలోనే ఉంది. బడి పిల్లలకూ కాలేజీ పిల్లలకూ కవాతు నేర్పాలని హృదయనాథ్ కుంజ్రూ సంఘం చేసిన సిఫార్సు ఢిల్లీలో చట్టమైంది. ఓరుగల్లు చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం అప్పుడు ఖాకీ బట్టలంటే రజాకార్లు, పోలీసులు. ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద పడి ఊచకోత కోసిందీ వాళ్లే. సెప్టెంబరు 17న హైదరాబాద్ సంస్థానం లొంగిపోయినా పల్లెల్లో కమ్యూనిస్టు దళాల పోరు 1951 దాకా ఆగలేదు. మీసాలు కూడా రాని పిల్లలు తుపాకులు పట్టి అడవుల్లో తిరిగిన నేల అది. అక్కడి తల్లిని పిలిచి, నీ కొడుక్కు సర్కారే యూనిఫాం ఇచ్చి పది రోజులు క్యాంపు గుడారంలో ఉంచుకుంటుందంటే ఏమనేదో వేరే చెప్పాలా?

ఈ కవాతు చదువు అంతకు ముందే మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యానికి మనుషులు చాలక, తెల్లదొరలు 1917లో యూనివర్సిటీ కోర్ పెట్టారు. 1920లో అదే యూనివర్సిటీ ట్రెయినింగ్ కోర్ అయింది. అవన్నీ కాలేజీ కుర్రాళ్ల కోసమే. కుంజ్రూ సంఘం తెచ్చిన కొత్తదనమంతా హైస్కూలు పిల్లలకు జూనియర్ డివిజన్ అని విడిగా పెట్టించడంలో ఉంది. 1948 చట్టం ఇంకో మాట కూడా తేల్చి చెప్పింది: క్యాడెట్‌గా చేరినంత మాత్రాన ఎవరూ యుద్ధానికి పోనక్కర్లేదు. ‘మిలట్రీకి పట్టుకుపోతారు’ అనే భయం మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం ఇళ్లలోనే తిరిగింది. చట్టంలో రాసింది ఊరి రచ్చబండ దాకా రావడానికి టైం పడుతుంది మరి.

చైనా యుద్ధం వచ్చి పంపాలా వద్దా అనే ప్రశ్ననే కొన్నాళ్లు లేకుండా చేసింది. 1962లో దెబ్బ తిన్నాక 1963 నుంచి కాలేజీ కుర్రాళ్లకు ఎన్‌సీసీ తప్పనిసరి చేశారు. నెహ్రూ 1959లో శంకుస్థాపన చేసిన వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీ తొలి బ్యాచ్‌లు చదువుకున్న రోజులవి. ఇష్టం ఉన్నా లేకున్నా బూట్లు పాలిష్ చేసుకుని గ్రౌండుకు పోవాల్సిందే. 1968లో ఆ నిర్బంధం ఎత్తేశారు. మరుసటి ఏడు నేషనల్ సర్వీస్ స్కీమ్ (ఎన్ఎస్ఎస్) వచ్చింది. నిర్ణయం మళ్లీ ఇంటికి చేరింది. ఆ తరం పెద్దలను కదిలిస్తే రైఫిల్ కన్నా ముందు పరేడ్ అయ్యాక పెట్టిన టిఫిన్ ముచ్చటే వస్తుంది. నిర్బంధం మిగిల్చిన జ్ఞాపకాలు అంతకన్నా ఎక్కువ ఉండవనుకోవచ్చు.

ఆ తర్వాత క్యాంపు విలువ సర్టిఫికెట్ లెక్కల్లోకి మారింది. జూనియర్ డివిజన్‌లో రెండేళ్లుండి ‘ఏ’ సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటే ఒక క్యాంపు చేసి ఉండాలి. కాలేజీలో ‘బి’కీ ఒకటి కావాలి, ‘సి’కి రెండు. ‘సి’ ఉన్నవాళ్లు స్పెషల్ ఎంట్రీ దారిలో రాతపరీక్ష లేకుండానే నేరుగా సైన్యంలో ఆఫీసర్లను ఎంచే ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకు పోవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఇంకో ముడి పడింది. ఇంజినీరింగ్ సీట్లలో ఎన్‌సీసీకి ఒక శాతం కోటా ఉంది. ఒకప్పుడు పిల్లాణ్ని ఎత్తుకుపోతారని భయపడ్డ ఇళ్లే ఇప్పుడు క్యాంపు సర్టిఫికెట్‌ను ల్యామినేషన్ చేయించి బీరువాలో దాస్తున్నాయి.

అయితే ఆ కోటాలో ముందు వరస ఢిల్లీ రిపబ్లిక్ డే క్యాంపు దాకా పోయినవాళ్లది. ఎనిమిదో తరగతి పిల్లాడి మొదటి క్యాంపుతో సీటు రాదు. ఆ ఆశతో పంపితే పిల్లాడికి బరువు, తండ్రికి నిరాశ.

ఇక ఆ పది రోజుల్లో జరిగేదేమిటి? తెల్లవారకముందే విజిల్, పీటీ, డ్రిల్, పాయింట్ టూటూ రైఫిల్‌తో గురి, మ్యాపు చదవడం, ప్రథమ చికిత్స, సాయంత్రం పాటలు, నాటికలు. ఆదేశాలన్నీ హిందీలో ఉంటాయి కాబట్టి ‘సావధాన్’, ‘విశ్రామ్’ రెండో రోజుకే నోటికొచ్చేస్తాయి. తిన్న కంచం తానే కడుక్కోవాలి, పక్క తానే సర్దుకోవాలి. తిండి, వసతి సర్కారువే. ఇంట్లో నీళ్ల గ్లాసు కూడా అందించని పిల్లాడికి అసలు శిక్షణ ఈ కంచం దగ్గరే మొదలవుతుందనేది చాలామంది తల్లుల లెక్క. అందులో తప్పేం లేదు.

ఎండ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మే నెలలో వరంగల్ నలభై డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. ఆయాసం, ఫిట్స్ లాంటివి ఉన్న పిల్లలైతే ముందుగా డాక్టరుకు చూపించాలి, బడిలో ఎన్‌సీసీ చూసే సారుకూ దాచకుండా చెప్పాలి. క్యాంపులు ఎండాకాలంలోనే కాదు, మిగతా నెలల్లోనూ పడతాయి. కానీ ఎనిమిదిలో చేరి తొమ్మిదిలో ముగించే రెండేళ్ల కోర్సు ఇది. పదో తరగతిలో పిల్లల్ని కదలనిచ్చే ఇల్లు అరుదు. అందుకే ఆరోగ్యం బాగుంటే మొదటి ఏడే పంపడం మేలు.

ధర్మసాగర్ వైపు ఈ మాటకు బలం ఎక్కువ. మండలంలోని ఎల్కుర్తిలో సైనిక్ స్కూల్ పెడతామని స్థలం చూశారు. ఆ బడి ఏళ్ల తరబడి ఫైళ్లలోనే నలిగింది. సైనిక్ స్కూల్ చదువంటే తెలుగువాళ్లకు చాలాకాలం 1962లో మొదలైన విజయనగరం దగ్గరి కోరుకొండే. గల్వాన్‌లో 2020 జూన్‌లో నేలకొరిగిన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబు చదివింది అక్కడే. పదేళ్లు నిండగానే పిల్లాణ్ని అంత దూరం పంపేవాళ్లు కొద్దిమంది. మిగతావాళ్లకు ఆ జీవితం ఎలా ఉంటుందో రుచి చూపించేది ఈ పది రోజుల క్యాంపే.

ఆడపిల్లల విషయంలో చర్చ ఇంకా పొడుగు. అమ్మాయిల విభాగం 1949లోనే వచ్చినా, కోర్‌కు ఒకే ఏడాది చిన్నదైనా, ఇళ్లలో అనుమతి అంత తొందరగా రాలేదు. ఇప్పటికీ తల్లి ముందు అడిగేది కోటా గురించి కాదు. పడుకునేది ఎక్కడ, వెంట వచ్చే మేడం ఎవరు, రాత్రి ఫోన్ చేయనిస్తారా అని. బాలికల యూనిట్లకు మహిళా ఆఫీసర్లు, గర్ల్ క్యాడెట్ ఇన్‌స్ట్రక్టర్లు ఉంటారు. ఆ మేడం నంబరు అనుమతి కాగితం మీద సంతకం పెట్టకముందే అడిగి రాసుకుంటే, మొదటి రెండు ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి.