ఆకాశం దాటిన బొమ్మ, గోడ దాటని బొమ్మ

1975 ఆగస్టు 1వ తేదీన ప్రారంభమైన ఒక ప్రయోగం మూలంగా కర్నూలు జిల్లాలోని కొన్ని పల్లెలలో జనం ఒకచోట చేరి, పెట్టెలో కదిలే బొమ్మలను చూచి, తెలుగు మాటలు విన్నారు. హైదరాబాదు నగరానికే టెలివిజన్ ప్రసార కేంద్రం 1977లో గాని రాలేదు. అట్టి కాలంలో మెట్టసీమ పల్లెకు టెలివిజన్ ఎట్లు వచ్చినది? అది దగ్గరలోని ఏ గోపురం నుండీ రాలేదు. 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నుండి వచ్చినది.

ఈ ప్రయోగానికి ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగమని పేరు. ఆంగ్లపు పొడి అక్షరాలతో దీనిని 'సైట్' అనేవారు. 1969లో భారత అణుశక్తి శాఖకు, అమెరికా అంతరిక్ష సంస్థ 'నాసా'కు మధ్య ఒప్పందం కుదిరినది. దీనికి ముఖ్య ప్రేరకుడైన విక్రమ్ సారాభాయి 1971లోనే మరణించినందున ఫలితాన్ని చూడలేకపోయాడు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, బీహారు, మధ్యప్రదేశ్, ఒరిస్సా, రాజస్థాన్ రాష్ట్రాలలో రమారమి 2,400 గ్రామాలను ఎన్నుకొన్నారు. ఉదయం బడిపిల్లలకు పాఠాలు, సాయంకాలం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం మొదలైన విషయాలు ప్రసారమయ్యేవి.

ఏ.టి.ఎస్.-6 అనే ఆ ఉపగ్రహం భూమధ్యరేఖకు ఎగువన, భూమితో సమానంగా 24 గంటలకు ఒక చుట్టు తిరిగేది. అందువలన నేల మీది వారికి అది కదలక నిలిచినట్లే ఉండేది. దానికి అంతరిక్షంలో గొడుగువలె విచ్చుకొనే, 9 మీటర్ల వెడల్పుగల ఆంటెనా కలదు. ఆకాశంలోని ఆంటెనా అంత పెద్దది కనుకనే పల్లెలో 3 మీటర్ల తీగవల ఆంటెనాతో పని జరిగినది.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనింపదగినది. ఆ తీగవల ఆంటెనాను ఆరుబయట నిలిపి, దాని నుండి తీగను లోపలి పెట్టెకు తెచ్చేవారు. 36,000 కిలోమీటర్ల శూన్యాన్ని రేడియో తరంగం దాటినది. గోడను మాత్రం తీగ దాటినది. కరెంటు నిలకడగా లేకపోయినా, పెట్టె చెడినా బొమ్మ రాదు గనుక, కొన్నిచోట్ల బ్యాటరీలతో నడిచే పెట్టెలను పెట్టి, మరమ్మతు కేంద్రాలను కూడ ఏర్పాటు చేశారు. 1976 జులై 31న ప్రయోగం ముగిసినది. 1983లో భారతదేశపు ఇన్సాట్-1బి ఉపగ్రహం కక్ష్య చేరిన తరువాత టెలివిజన్ దేశమంతట వ్యాపించినది.

ఇంతలో వార్తను మోసే మరొక సాధనం సిద్ధమైనది. గాజును తగినంత స్వచ్ఛంగా చేయగలిగితే సన్నని గాజుపోగులో కాంతి చాలా దూరం పోగలదని 1966లో చార్లెస్ కావో, జార్జి హాక్‌హామ్ నిరూపించారు. సంపూర్ణాంతర పరావర్తనం వలన కాంతి పోగును విడిచి బయటకు పోదు. ఈ కృషికి కావో 2009లో నోబెల్ బహుమతి పొందాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ గాజుపోగుల తీగను నేల త్రవ్వి పాతిపెట్టుటకు బదులు, ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే దాదాపు 24,000 కిలోమీటర్ల మేర లాగారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ ఫైబర్ పథకాన్ని జాతికి అంకితం చేశాడు. ఇంటర్నెట్, టెలివిజన్, టెలిఫోను మూడూ ఒకే తీగపై ఇంటికి చేరే మార్గం ఏర్పడినది.

కాని ఇంటికి చేరినంతమాత్రాన టీవీకి చేరినట్లు కాదు. కర్నూలు, కడప ప్రాంతాలలో నాపరాయికి కొదువ లేదు. పాత మిద్దెల గోడలు రాతితో, మట్టితో మందంగా కట్టినవి. వేసవి ఎండను ఆపే ఆ గోడయే ముందుగదిలోని రౌటర్ పంపే వైఫై తరంగాన్ని కూడ చాలవరకు మింగివేస్తుంది. వైఫై సాధారణంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాలతో పనిచేస్తుంది. వీటిలో 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగం ఇస్తుంది గాని గోడల వద్ద త్వరగా నీరసిస్తుంది. పాత టెలివిజన్‌లో సంకేతం తగ్గితే తెరపై చుక్కలు పడేవి, అయినా బొమ్మ నడిచేది. ఇంటర్నెట్‌లో వార్త చిన్నచిన్న పొట్లాలుగా వస్తుంది. పోయిన పొట్లాన్ని మళ్ళీ అడిగి తెప్పించుకొనే లోపల బొమ్మ నిలిచిపోతుంది. పాఠం మధ్యలో ఇట్లు పదేపదే ఆగితే విద్యార్థి మనస్సు కూడ అక్కడే ఆగిపోతుంది.

లోపం ఎక్కడ ఉన్నదో తెలుసుకొనుట సులభం. ఫోనుతో ముందు రౌటర్ ప్రక్కన, తరువాత టీవీ వద్ద వేగాన్ని కొలువవలెను. రెండుచోట్లా తక్కువైతే లోపం బయటి తీగలోనో, రౌటర్‌లోనో ఉండవచ్చును. రౌటర్ వద్ద బాగుండి టీవీ వద్ద పడిపోతే లోపం దారిలోని గోడది. అప్పుడు ఎక్కువ డబ్బు పెట్టి ఎక్కువ వేగం కొన్నా ప్రయోజనం స్వల్పం. రౌటర్‌ను ఇంటి నడుమ ఎత్తున ఉంచుట మొదటి ఉపాయం. వైఫైని అందుకొని అదే దారిలో తిరిగి పంపే పెట్టెను నడుమ ఉంచవచ్చును గాని, అది ఒకే మాటను రెండుసార్లు పలుకవలసి వచ్చుటచే వేగం సుమారు సగానికి తగ్గుతుంది. అన్నిటికంటె నమ్మకమైనది ఈథర్నెట్ తీగను గోడ దాటించి టీవీకి కలుపుట. ఈ తీగ 100 మీటర్ల వరకు చక్కగా పనిచేస్తుంది. కరెంటు పోయినపుడు ఫైబర్‌లో కాంతి వస్తున్నా రౌటర్ ఆగిపోతుంది గనుక దానికి చిన్న బ్యాటరీ ఆధారం కూడ కావలెను.

తీగ, బ్యాటరీ: 1975లో పల్లెలో పెట్టెలు నిలిపినవారికి ఈ రెంటి అవసరమూ తెలుసు. ఆకాశాన్ని తరంగానికి విడిచి, గోడను తీగకు అప్పగించిన వారి పద్ధతి ఈనాటి మిద్దె ఇంటికి కూడ సరిపోతుంది.