సమాకలనం

కలన గణితంలో అవకలనం, సమాకలనం రెండు ప్రధాన ప్రక్రియలు. నిరంతరం మారుతుండే రాశి మొత్తం మీద ఎంతయిందో సమాకలనం చెబుతుంది. వక్రరేఖ కింది వైశాల్యం, వేగం మారుతూ సాగిన ప్రయాణంలో దాటిన దూరం ఇలాంటివే. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో మన విద్యార్థులు దీన్ని ముందుగా అవకలనానికి విలోమ ప్రక్రియగానే నేర్చుకుంటారు. లెక్కలు చేయడానికి ఆ దారి సులువే. కానీ సమాకలనం మౌలికంగా కూడిక. విలోమ సంబంధం ఆ తర్వాత నిరూపించవలసిన సిద్ధాంతం.

వర్గ ప్రమేయం గీసే పరావలయాన్ని చూడండి. దాని కింద సున్న నుంచి ఒకటి వరకు ఉన్న మేరను పది సమాన పట్టీలుగా కోసి, వక్రరేఖకు లోపల ఇమిడే దీర్ఘచతురస్రాలను కూడితే 0.285 వస్తుంది. పైకి పొడుచుకొచ్చే వాటిని కూడితే 0.385. వంద పట్టీలైతే ఆ విలువలు 0.32835, 0.33835. పట్టీలు పెరిగేకొద్దీ రెంటి మధ్య తేడా ఎంతైనా తగ్గిపోతుంది. రెండూ చేరే అవధి మూడింట ఒక వంతు. ఇందులో అవకలనం ఊసే లేదు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలోనే ఆర్కిమెడీస్ పరావలయ ఖండాన్ని త్రిభుజాలతో నింపుతూ, దాని వైశాల్యం అందులో మొదట గీసిన త్రిభుజానికి మూడింట నాలుగు వంతులని నిరూపించాడు. పదహారో శతాబ్దపు మలయాళ గ్రంథం యుక్తిభాషలో జ్యేష్ఠదేవుడు ఘాతాల మొత్తాల ఆధారంగా వృత్త పరిధికి అనంత శ్రేణిని రాబట్టాడు. 1854లో రీమాన్ ఇచ్చిన నిర్వచనం కూడా ఇలాంటి మొత్తాల అవధే.

అలాగైతే న్యూటన్, లైబ్నిజ్‌లు సాధించిందేమిటని అడగవచ్చు. చాలా పెద్దదే సాధించారు. వక్రరేఖ కింది మేరను కుడివైపు రవ్వంత జరిపితే చేరేది సన్నని పట్టీ. దాని వైశాల్యాన్ని వెడల్పుతో భాగిస్తే దాదాపు ఆ చోట వక్రరేఖ ఎత్తే వస్తుంది. అంటే, వైశాల్యం పెరిగే రేటు ఆ ఎత్తే. ఈ ప్రాథమిక సిద్ధాంతం వల్ల లెక్కలేనన్ని పట్టీల కూడిక రెండు విలువల తీసివేతకు కుదించుకుపోయింది. గణితంలో ఇంతటి శ్రమ తగ్గించిన ఫలితాలు అరుదు. అయితే విలోమమే నిర్వచనమని పట్టుబడితే, సంభావ్యతలో నిత్యం వాడే గంట ఆకారపు వక్రరేఖ దగ్గర చిక్కుకుపోతాం. దాని ప్రతిఅవకలజానికి, అంటే అవకలనం చేస్తే దాన్నే ఇచ్చే ప్రమేయానికి, ప్రాథమిక ప్రమేయాలతో సాంత సూత్రం లేదని రుజువైంది. అయినా ఆ రేఖ కింది వైశాల్యం ఉంది. గణాంక పట్టికల్లోని విలువలను పట్టీలు కూడడం లాంటి పద్ధతులతోనో, అనంత శ్రేణులతోనో కావలసినన్ని దశాంశ స్థానాలకు రాబట్టవచ్చు.