సిమైస్మా పార్కు, ఊదా దీవి

అల్ ఖోర్‌కి దక్షిణాన సముద్రం ఒడ్డున సిమైస్మా అనే ఊరు ఉంది. పాత రోజుల్లో అక్కడివాళ్ళు చేపలు పట్టేవారు, ముత్యాల కోసం మునిగేవారు. 2024లో అక్కడ పెద్ద పర్యాటక ప్రాజెక్టు ప్రకటించారు. అందులో థీమ్ పార్కు కూడా ఉంది.

శుక్రవారం భోజనాల దగ్గర మా ఇంట్లో దీని మీదే వాదన. "పిల్లలకి ఒక చోటు దొరుకుతుంది, రానివ్వండి" అంది అమ్మ. "గ్యాస్ ఎల్లకాలం ఉండదు కదమ్మా" అన్నారు పక్కింటి అంకుల్. నాన్న ఒప్పుకోలేదు. "ముందు ఉన్నదాన్ని చూడండి" అన్నారు.

ఉన్నది ఏమిటా అని చదివాను. అల్ ఖోర్ దగ్గర మడ అడవుల మధ్య బిన్ ఘన్నామ్ దీవి ఉంది. (మడ అడవి అనే మాట ఈ వారమే నేర్చుకున్నాను. కాకినాడ దగ్గర కోరంగిలో ఉన్నవీ ఇవే.) 3000 ఏళ్లకు పైగా కిందట, కస్సైట్ల కాలంలో, అక్కడ సముద్రపు నత్తలను పగలగొట్టి ఊదా రంగు తీసేవారు. తవ్వకాల్లో ఆ గుల్లలు కుప్పలుగా దొరికాయి. అందుకే దాన్ని ఊదా దీవి అంటారు.

ఆ రంగు పని పోయింది. చాలా కాలం తర్వాత ముత్యాలతో బతికారు. 1930ల్లో జపాన్ పెంపకపు ముత్యాలు వచ్చాక అదీ కూలిపోయింది. తర్వాత చమురు, గ్యాస్.

అంటే చరిత్ర అంకుల్ వైపే ఉందేమో! నాన్నతో అదే అన్నాను.

"ఆ దీవికి ఎప్పుడైనా వెళ్ళావా?" అని అడిగారు.

వెళ్ళలేదు. నేను పెరిగింది ఇక్కడే.