మట్టి మాటలకు టీకా తాత్పర్యం

గుంటూరు, ప్రకాశం మెట్ట రైతు తన చేను గురించి చెప్పేటప్పుడు సారం మాట ఆలస్యంగా వస్తుంది. ముందు వచ్చేది నీళ్ల మాటే: ఆరని నేల, తేమ నిలవని నేల, పదునుకు రాని నేల. భూసార పరీక్ష పత్రంలో మనం నత్రజని, భాస్వరం, పొటాష్ అంకెలు వెతుక్కుంటాం గానీ, ఇక్కడ పత్తినీ మిర్చినీ నిలబెట్టేదీ పడగొట్టేదీ నేలకూ నీటికీ మధ్య నడిచే వ్యవహారమే. కింది మాటలన్నీ దాని గురించినవే.

నల్లరేగడి: ప్రత్తిపాడు, పెదకూరపాడు, పర్చూరు వైపు చేలల్లో కనిపించేది. ఇందులో బంకమన్ను పాలు సగానికి అటూ ఇటూగా ఉంటుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. నీటిని బాగా పట్టుకుంటుంది కానీ పిసినారి. పట్టుకున్న తేమలో చాలా భాగాన్ని మొక్కకు వదలదు. పత్తి వేరు లోతుకు దిగి వెతుక్కుంటుంది కనుక వర్షాధారంగానూ నెట్టుకొస్తుంది. మిర్చి వేరు ఎక్కువగా పైపొరలోనే తిరుగుతుంది. రెండు రోజులు నీళ్లు నిలిస్తే దానికి గాలి ఆడదు, ఆపైన వడలు తెగులు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నీట మునిగిన మిర్చి చేలు ఈ సంగతే చెప్పాయి. రేగడిలో మిర్చి వేసేవారు మందుల ఖర్చు కంటే ముందు మురుగుకాలవ ఖర్చు లెక్క వేసుకోవాలి. పెరటి తోటకైనా ఇదే మాట: మడి ఎత్తుగా కట్టాకే వంగ, టమాటా నారు.

నెర్రె: వేసవిలో రేగడి విచ్చుకునే చీలిక. దీనివల్ల లాభమూ ఉంది, నష్టమూ ఉంది. పైమట్టి రాలి లోపలికి పడుతుంది కాబట్టి నేల తనను తానే కొంత తిరగేసుకుంటుంది. తొలకరి వాన నెర్రెల గుండా లోతుకు దిగుతుంది. కానీ పైరు మీద ఉండగా బెట్ట వస్తే అవే నెర్రెలు వేళ్లను తెంచుతాయి, అడుగు తేమను గాలికి వదిలేస్తాయి. కలుపు లేని చేలో కూడా పెద్దవాళ్లు గుంటక తోలించేది నెర్రె పూడ్చడానికే. కలుపు మందు వచ్చాక ఆ పని తగ్గింది. నన్నడిగితే అది నష్టపు బేరమే.

పదును: దున్నడానికీ విత్తడానికీ సరిపోయే తడి. గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిసికి ఉండ చేయండి. నడుము ఎత్తు నుంచి జారవిడవండి. పొడిపొడిగా విడిపోతే అరక కట్టవచ్చు. చదునై అతుక్కుంటే ఇంకా ఆగాలి. రేగడిలో పదును కొద్ది రోజులే నిలుస్తుంది. ట్రాక్టరు దొరికింది కదా అని తడి మీద రోటవేటరు తిప్పితే అడుగున గట్టి పొర పడి, పత్తి తల్లివేరు అక్కడ వంకర తిరుగుతుంది.

సుద్ద: రెండు మూడడుగులు తవ్వితే తగిలే తెల్లటి సున్నపు గుల్లలు. గుల్ల మీద నిమ్మరసం పిండితే సన్నగా బుడగలు లేస్తాయి. ఇలాంటి నేలలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. లేత ఆకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. దాన్ని తెగులనుకుని మందు కొట్టేవారు ఎందరో. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయడమే దానికి విరుగుడు.

ఎర్రనేల: వినుకొండ, దర్శి, కనిగిరి వైపు. నీరు త్వరగా దిగిపోతుంది, యూరియా కూడా దానితోనే పోతుంది. అందుకే ఎరువు విడతలుగా, నీరు డ్రిప్పుతో. చెరువు మట్టి తోలేది ఇక్కడే: రేగడి బంకను కొంత అరువు తెచ్చుకోవడం అన్నమాట.

చవుడు: ఇందులో రెండు రకాలు, వైద్యం వేరు. పైన తెల్లగా ఉప్పు తేలేది పాలచవుడు. మంచినీరు పెట్టి, మురుగు తీసి ఉప్పును కడిగెయ్యాలి. నల్లగా జిగటగా, నీరింకనిది కారుచవుడు; దానికి జిప్సం, పైన జీలుగ పచ్చిరొట్ట. పేరు తెలియకుండా జిప్సం చల్లడం డబ్బు చల్లడమే. చీరాల, బాపట్ల తీరపు ఇసుకలో తవ్వే దొరువుల (నీటి గుంటల) కథ ఇంకొకటి: ఉప్పునీటి మీద తేలే మంచినీటి పొరను మెల్లగా తోడుకోవాలి, మోటారుతో ఉరవడిగా లాగితే అడుగు ఉప్పు పైకొస్తుంది. బాపట్ల ఉప్పునీటి పరిశోధన కేంద్రం ఈ దొరువులనే మెరుగుపరిచింది.

ఇక భూసార పరీక్ష పత్రంలో అంకెలు. పీహెచ్ 8.5 దాటితే కారుచవుడు అనుమానం. ఈసీ 1 లోపుంటే ఉప్పు బెడద లేనట్టే. సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తగ్గితే పశువుల ఎరువు, పచ్చిరొట్ట తప్పవు. ఏళ్ల తరబడి డీఏపీ వేసిన చేలో భాస్వరం ‘ఎక్కువ’ అని వస్తే ఆ బస్తా ఖర్చు తగ్గించుకోవచ్చు.

ఈ వేసవిలో, ఎరువు తోలకముందే, గట్టునూ చెట్టు నీడనూ దిబ్బ పక్కనూ వదిలేసి, చేలో ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున మట్టి తీసి కలిపి అరకిలో పరీక్షకు పంపండి. రేగడి చెక్కకూ ఎర్ర చెక్కకూ సంచులు మాత్రం వేరుగా కట్టండి.