సీటు మనది, ఎంపిక ఎవరిది?

మా బత్తలపల్లె వైపు సర్పంచ్ సీటు ఎస్సీలకు రిజర్వయితే అభ్యర్థి పేరు చాలాసార్లు మా వాడలో పుట్టదు, రచ్చకట్ట మీద పుడుతుంది. దీని వెనక ఒక చరిత్ర ఉంది.

1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందంలో అంబేద్కర్ ప్రత్యేక నియోజకవర్గాలను వదులుకోవాల్సి వచ్చింది. బదులుగా రిజర్వు సీట్లతోపాటు ఇంకో హక్కు రాయించారు: ముందు దళిత ఓటర్లే ఓటేసి నలుగురిని ఎంచుకోవాలి, ఆ నలుగురిలోంచే అందరూ కలిసి ఒకరిని గెలిపించాలి. ఆ ఏర్పాటుకు గడువు పదేళ్లే. 1950 రాజ్యాంగంలో రిజర్వు సీటు మిగిలింది, ఆ మొదటి ఓటు మిగల్లేదు.

73వ సవరణ 1993లో సర్పంచ్ పదవికీ రిజర్వేషన్ ఇచ్చింది. 2021లో మన ప్రభుత్వం ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 నుంచి 20 లక్షల నజరానా ప్రకటించింది. చెనిక్కాయ చేన్లో కూలికి పోయేవాడు ఆ చేను యజమాని మాట కాదని నామినేషన్ వేయగలడా? తమిళనాడులో పాపాపట్టి, కీరిపట్టి పెత్తందార్లు 1996 నుంచి పదేళ్లు రిజర్వు పదవిని నిలవనివ్వలేదు. అక్కడ బెదిరింపు, ఇక్కడ బహుమానం.

అందుకే మన ప్రచారం నామినేషన్లకు ముందే మొదలవ్వాలి. మాల, మాదిగ వాడలు ఆడా మగా కలిసి కూచొని, చీటీలు వేసి, అభ్యర్థిని ఎంచుకోవాలి. పోయిన ఆ మొదటి ఓటును మన వాడలో మనం వేసుకోవడానికి ఏ చట్టమూ అడ్డురాదు.