కలం పేరు, ఉలి పని (చేతుల చరిత్ర – 9)

వేటపాలెం మగ్గాల ఊరు. మగ్గం మీద పువ్వు రావాలంటే పోగులు లెక్కపెట్టాలి. అదే తీరాన బందరు, పెడనల్లో పువ్వును టేకు చెక్కలో చెక్కి, నేసిన బట్ట మీద అద్దుతారు. తెలుగులో దీని పేరు అద్దకం. లోకానికి తెలిసింది మాత్రం కలంకారీ. పారశీకం నుంచి వచ్చిన మాట, కలంతో చేసే పని అని. శ్రీకాళహస్తిలో కలం నిజమే. బందరులో పనంతా అచ్చుదే.

ఆ అచ్చును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. బొమ్మను తిరగేసి చెక్కాలి. కుడి అంచున తెగిన తీగ, పక్కన మళ్లీ అద్దినప్పుడు ఎడమ అంచును అందుకోవాలి. పై అంచు కింది అంచుతో కలవాలి. వెంట్రుకవాసి తేడా వస్తే చీర పొడవునా అదే తప్పు. గీతలకొక అచ్చు, ఒక్కో రంగుకు ఒక్కోటి. నలుపుకు ఇనుప తుక్కు, బెల్లం కలిపి ఊరేసిన నీళ్లు. ఎరుపుకు ముందు పటిక అద్ది, తర్వాత రంగునీళ్లలో ఉడకెయ్యాలి. ఇది గణితం కాదా? రసాయనశాస్త్రం కాదా? బడిలో చెప్పకపోతే చదువు కాకుండా పోతుందా?

మన దేశపు అద్దకం బట్టల పోటీకి తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండ్ 1721లో అద్దకం నూలుబట్ట కట్టడమే నేరం చేసింది. ఆ కథలో సుల్తానులకు, కుంపిణీలకు పేర్లున్నాయి. ఉలి పట్టినవాళ్లు వట్టి ‘పనివాళ్లు’.

నేతలోనూ ఇదే తంతు. మాలలు ముతక బట్ట నేసేవారని థర్‌స్టన్ 1909లోనే అచ్చేశాడు. ‘చేనేత కులాలు’ అని చదివే జాబితాలో మాత్రం మన తాతల మగ్గం కనబడదు. మీ పేటలో మగ్గం గుంట ఎక్కడుండేదో ముసలివాళ్లను అడిగి రాయండి. వచ్చే భాగం ఆ మగ్గాల మీదే.