గ్యాస్ట్రిక్ బెలూన్

స్థూలకాయుల జీర్ణాశయంలో కొంత చోటు ఆక్రమించి, కొద్దిగా తినగానే కడుపు నిండినట్లు అనిపించేలా చేసే తాత్కాలిక సాధనం. కోత, కుట్లు ఉండవు. చాలా రకాలను ఎండోస్కోపీ సాయంతో నోటి గుండా పంపుతారు.

ఈ ఆలోచనకు మూలం ఒక జబ్బు. మింగిన వెంట్రుకలో, అరగని పీచో జీర్ణాశయంలో ఉండకట్టినవారు ఎక్కువ తినలేక చిక్కిపోతుంటారు. అలాంటి ఉండను వైద్యులే పెడితే ఏమవుతుందన్నది డెన్మార్క్ వైద్యులు నీబెన్, హార్బోల ఊహ. 1982లో వారు దాన్ని 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు.

అమెరికాలో 1985లో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన గారెన్-ఎడ్వర్డ్స్ బుడగ పాలీయురేథేన్‌తో చేసిన స్తూపం. అందులో సుమారు 220 మిల్లీలీటర్ల గాలి. వేలమంది వేయించుకున్నారు. దాని రాపిడికి జీర్ణాశయం గోడ ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. గాలి పోయిన బుడగ కొందరిలో పేగులోకి జారి అడ్డుపడింది. వీటికంటే గట్టి దెబ్బ పరిశోధనల్లో తగిలింది: బుడగ పెట్టకుండా ఉత్తుత్తి ఎండోస్కోపీ చేసి, పథ్యం చెప్పి పంపినవారూ దాదాపు అంతే బరువు తగ్గారు. 1988లో అమ్మకాలు ఆగిపోయాయి.

అంతకు ముందే, 1987లో ఫ్లోరిడాలోని టార్పన్ స్ప్రింగ్స్‌లో నిపుణులు సమావేశమై మంచి బెలూన్ ఎలా ఉండాలో తేల్చారు: అతుకుల్లేని నునుపైన తలం, గాలికి బదులు ద్రవం, మార్చుకోదగ్గ పరిమాణం, ఎక్స్‌రేలో కనిపించే గుర్తు. తర్వాతి తరం బెలూన్లకు ఇదే కొలబద్ద.

ఆ బాటలో వచ్చిన సిలికోన్ బెలూన్‌ను 400 నుంచి 700 మిల్లీలీటర్ల సెలైన్‌తో నింపుతారు. అందులో మిథిలీన్ బ్లూ రంగు కలపడం చిన్న ఉపాయమే గానీ గొప్పది: బెలూన్ కారితే మూత్రం రంగు మారి రోగికే తెలిసిపోతుంది. ఆరు నెలలకు తీసేయాలి. మొదటి రోజుల్లో వాంతులు, కడుపునొప్పి మామూలే.

మొదటి బుడగకు తొందరపడ్డ అమెరికా ఈసారి 2015 దాకా ఆగి, 'ఆర్బెరా' పేరుతో దీన్ని అనుమతించింది. అక్కడి పరీక్షలో ఆరు నెలలకు శరీర బరువులో సగటున 10.2 శాతం తగ్గింది. బెలూన్ లేనివారిలో 3.3 శాతం. తీసేశాక, ఏడాది పూర్తయ్యే నాటికి ఆ తగ్గుదల 7.6 శాతానికి దిగింది. ద్రవం నింపిన బెలూన్లు వేయించుకున్నవారిలో ఐదు మరణాలు నమోదయ్యాయని 2017లో ఎఫ్‌డీఏ వైద్యులను హెచ్చరించింది. వాటికి బెలూనే కారణమని మాత్రం తేల్చలేదు.

ఇప్పుడు ఎండోస్కోపీ కూడా తప్పించే ప్రయత్నాలు సాగుతున్నాయి. 2016లో అనుమతి పొందిన 'ఒబలాన్'ను మాత్రలా మింగించి, సన్నని గొట్టంతో వాయువు నింపేవారు. తీయడానికి మాత్రం ఎండోస్కోపీ తప్పేది కాదు. 'అల్యూరియన్' బెలూన్ సుమారు 16 వారాలకు తనంతట తానే ఖాళీ అయి, మలంతో బయటికి పోతుంది.